నెయ్యి అందని వరసలు: పెళ్ళి ఫొటోల్లో చారలు ఎందుకొస్తాయి

రాజాం నుంచి ఒక కుర్రాడు వాట్సాప్‌లో రెండు పెళ్ళి ఫొటోలు పంపించి "మాస్టారూ, సెన్సార్ పోయిందా ఏటండి ఇది" అని అడిగాడు. చూస్తే పెళ్ళికూతురి మొహం మీద నుంచి పట్టుచీర దాకా అడ్డంగా చారలు, ఒకటి వెలుగు ఒకటి చీకటి, ఎవరో తడిగుడ్డతో తుడిచి సగంలో వదిలేసినట్టు. చిన్న మిర్రర్‌లెస్ కెమెరా, మైక్రో ఫోర్ థర్డ్స్ అనే చిన్న సెన్సార్ రకం, అరచేతిలో పట్టేస్తుంది, కొని మూడు నెలలు కూడా కాలేదట. రిపేరు షాపతను సెన్సార్ మార్చాలన్నాడు, వాళ్ళమ్మ దిష్టి అని తేల్చేసి కెమెరా బ్యాగుకి నిమ్మకాయా మిరపకాయలూ కట్టేసింది.

నేను రెండే అడిగాను. పగలు బయట తీసిన ఫొటోల్లో చారలున్నాయా? లేవు. కెమెరా నిలువుగా తిప్పి తీస్తే? చారలూ నిలువుగా తిరిగిపోయాయి. అంటే సెన్సార్ బాగానే ఉంది, కానీ చారలు మండపంలో లేవు, కెమెరాలోనే తయారవుతున్నాయి. సైలెంట్ షట్టర్ (చప్పుడు లేకుండా సెన్సారే ఫొటో తీసే సెట్టింగు) ఆన్ చేశావా అంటే, అవునండి, జీలకర్ర బెల్లం టైములో టపటపా చప్పుడవుతుంటే పంతులుగారు విసుక్కున్నారు, అందుకని పెట్టాను అన్నాడు. దొరికింది దొంగ.

ఫొటో అంటే ఒక్క క్షణాన్ని టక్కున పట్టేయడం అని మనందరి నమ్మకం, నేను కూడా పిల్లలకి చాలా ఏళ్ళు అలాగే చెప్పాను. సైలెంట్ షట్టర్లో జరిగేది అది కాదు, అక్కడ జరిగేది బంతి భోజనం.

ఒక పొడుగాటి బంతి ఊహించుకోండి. ఆ కెమెరాలాంటి 20 మెగాపిక్సెల్ సెన్సార్‌లో పైనుంచి కిందకి 3,888 వరసలుంటాయి, అంటే 3,888 విస్తళ్ళు. ఒకడు మొదటి ఆకు దగ్గర్నుంచి వేసుకుంటూ పోతాడు. కొంచెం వెనకాల ఇంకొకడు ఆకులు ఎత్తుకుంటూ వస్తాడు. ప్రతి మనిషికీ ఆకు ముందు కూర్చునే టైము సమానమే, కానీ మొదటివాడు కూర్చున్నప్పుడు ఆఖరివాడు కూర్చోలేదు, ఆఖరివాడు తింటున్నప్పుడు మొదటివాడు చెయ్యి కడుక్కుని కిళ్ళీ వేసుకుంటున్నాడు. మనం డయల్ మీద పెట్టే షట్టర్ స్పీడు ఒక్కొక్కడు కూర్చునే టైము మాత్రమే. మొత్తం బంతి చివరిదాకా వెళ్ళడానికి పట్టే టైము వేరు, దాన్ని రీడౌట్ అంటారు, అది డయల్ మీద ఎక్కడా కనపడదు. నా కెమెరాకి అది సుమారు 50 మిల్లీసెకన్లు, అంటే సెకనులో ఇరవయ్యో వంతు. పక్కపక్క ఆకుల మధ్య తేడా 13 మైక్రోసెకన్లు.

ఇప్పుడు నెయ్యి, అంటే వెలుగు. మన కరెంటు 50 హెర్ట్జ్, సైన్ వేవ్ సెకనుకి యాభై సార్లు పైకీ కిందకీ ఊగుతుంది (ఇంటర్‌లో ఈ బొమ్మ వందసార్లు గీయిస్తాం, అది మన నెత్తిమీద ట్యూబులైట్లోనే ఉందని ఒక్కసారి కూడా చూపించం). పైకెళ్ళినా కిందకెళ్ళినా బల్బుకి పవర్ అందుతుంది కాబట్టి వెలుగు సెకనుకి 100 సార్లు ఉబ్బి తగ్గుతుంది. పాత ఫిలమెంట్ బల్బులో తీగ కాలుతూనే ఉంటుంది, పొయ్యి మీంచి దించిన పెనంలా, ఆ కాస్త గ్యాప్‌లో చల్లారదు, అందుకే ఆ కాలంలో ఈ గొడవ పెద్దగా తెలీలేదు. ఎల్‌ఈడీ మాత్రం కరెంటు తగ్గితే వెంటనే తగ్గుతుంది, మంచి డ్రైవర్ (బల్బుకి కరెంటు సర్ది ఇచ్చే సర్క్యూట్) ఉంటే లోపలి కెపాసిటర్ ఆ గుంటలు పూడుస్తుంది, చవక దాంట్లో పూడ్చదు. కంటికి తెలీదు, వందసార్లు మిణుకుతుంటే కన్ను కలిపేసుకుంటుంది.

ఒక మిల్లీసెకనుని ఒక నిమిషం అనుకుందాం. ప్రతి పది నిమిషాలకి ఒకసారి పైకప్పు నుంచి బంతి మొత్తం మీద నెయ్యి వాన పడుతుంది (నా పెళ్ళిలో పడలేదు, ఊహించుకోండి). బంతి పూర్తవడానికి 50 నిమిషాలు. ఒక్కొక్కడికి ఒక్క నిమిషమే టైమిస్తే, అంటే 1/1000 పెడితే, నెయ్యి పడే వేళకి ఆకు ముందున్నవాళ్ళకే నెయ్యి, మిగతావాళ్ళకి ఉత్త పప్పన్నం. 50 నిమిషాల్లో ఐదు వానలు కాబట్టి బంతి పొడుగునా నెయ్యి తిన్న గుంపులు ఐదు, మధ్యలో తినని గుంపులు. అవే చారలు. పదిహేను నిమిషాలిస్తే? కొందరికి ఒకసారి, కొందరికి రెండుసార్లు, అప్పుడూ గొడవే. కచ్చితంగా పది నిమిషాలు, అంటే 1/100, ఇస్తే ఎప్పుడు కూర్చున్నా ఎప్పుడు లేచినా ప్రతివాడికీ సరిగ్గా ఒక నెయ్యి! 1/50 పెడితే తలా రెండు. చారలుండవు. రీడౌట్ ఎంత నెమ్మదైనా సరే, అదీ దీని అందం. నిజం వెలుగు వానలా కాకుండా అలలా వస్తుంది గానీ లెక్క మారదు, ఒక అల మొత్తం ఎక్కడ మొదలెట్టి కొలిచినా అంతే వస్తుంది కదా. స్టేజీ లైట్లు, ఎల్‌ఈడీ తెరలు మాత్రం తమ సొంత ఫ్రీక్వెన్సీలో ఆరి వెలుగుతాయి, అక్కడ 1/100 పనిచేస్తుందని హామీ లేదు, టపటపలాడే మామూలు మెకానికల్ షట్టరే నయం.

ఈ కుర్రాడు చేసిన ఇంకో పని నాకు బాగా నచ్చింది, పాపం డబ్బులు పోయాయి గానీ. కెమెరాతో పాటు వచ్చిన కిట్ లెన్సుతో f/5.6 దగ్గర (f పక్కన అంకె చిన్నదయ్యేకొద్దీ లెన్సు కన్ను పెద్దది) షట్టర్ 1/60 వచ్చేది, చారలు లీలగా ఉండేవి. అందరూ "కిట్ లెన్సు డబ్బారా, మంచిది కొనుక్కో" అన్నారు. 25 ఎంఎం f/1.7 కొన్నాడు. అది దాదాపు పదకొండు రెట్లు ఎక్కువ వెలుగు తెస్తుంది, ఆటోలో ఉన్న కెమెరా సంబరపడి షట్టర్ 1/640కి ఎక్కించేసింది, అంటే నిమిషంన్నర భోజనం, చారలు ఇంకా చిక్కబడ్డాయి! మంచి లెన్సు వల్లే ఫొటో పాడైంది. లెన్సు తప్పేం లేదు, 1/100 దగ్గర షట్టర్ కట్టేసి ఐఎస్ఓ (సెన్సార్ పట్టిన వెలుగుని ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) తగ్గించుకుంటే అదే లెన్సు బంగారం.

మెకానికల్ షట్టర్లో కూడా బంతి భోజనమే, కానీ అక్కడ వడ్డించేవాడు పరుగెడతాడు, మొత్తం బంతికి వడ్డన నాలుగు నిమిషాల లోపే అయిపోతుంది. ఫ్లాష్ సింక్ స్పీడు, అంటే ఫ్లాష్ వాడేటప్పుడు పెట్టగలిగే అతి వేగమైన షట్టర్ స్పీడు, 1/250 చుట్టుపక్కల ఎందుకాగిందో కూడా ఇదే చెబుతుంది. ఫ్లాష్ అంటే ఒకే ఒక్క కుంభవృష్టి, అది పడే క్షణానికి అన్ని ఆకులూ వేసి ఉండాలి, ఒక్కటీ ఎత్తి ఉండకూడదు. మొదటివాడు లేచేలోపు ఆఖరివాడు కూర్చోవాలంటే భోజనం టైము వడ్డన టైము కంటే ఎక్కువుండాలి, అంతే. ఈ ముక్క పాఠ్యపుస్తకం భాషలో చెబితే నాకే రెండేళ్ళు బుర్రకెక్కలేదు.

అందర్నీ ఒకేసారి కూర్చోబెట్టి ఒకేసారి లేపేది గ్లోబల్ షట్టర్. సోనీ ఎ9 III 2023లో ఫుల్‌ఫ్రేమ్ అనే పెద్ద సెన్సార్ రకంలో మొదటిసారి అది తెచ్చింది. దానికి ప్రతి పిక్సెల్ పక్కనా కాసేపు దాచుకునే గిన్నె కావాలి, ఆ గిన్నెకి చోటు పోతుంది కాబట్టి దాని బేస్ ఐఎస్ఓ, అంటే మామూలుగా వాడే అతి తక్కువ ఐఎస్ఓ, 250 దగ్గర మొదలవుతుంది. నికాన్ జెడ్9 ఇంకో దారి పట్టింది, వడ్డించేవాడికే చక్రాలు కట్టి అసలు మెకానికల్ షట్టర్నే పీకేసింది.

సైలెంట్ షట్టర్ వద్దని కాదు. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూడబాతులు గూళ్ళ మీదుంటే చప్పుడు లేకపోవడమే వరం, ఎండకి మిణుకు లేదు కాబట్టి చారలూ రావు. ఎగిరేటప్పుడు మాత్రం రెక్క వంకర పోవచ్చు, పై వరస చూసిన రెక్కా కింది వరస చూసిన రెక్కా ఒకటి కాదు మరి. నమ్మకపోతే విజయనగరం నుంచి పలాస వెళ్ళే పాసింజర్‌లో కిటికీలోంచి తీసి చూడండి, స్తంభాలన్నీ రైలు వెళ్ళే వైపుకి ఒరిగిపోయి ఉంటాయి.

మీ కెమెరా రీడౌట్ ఎంతో తెలుసుకోవాలంటే చవక ఎల్‌ఈడీ బల్బు వెలుగు పడ్డ తెల్లగోడని సైలెంట్‌లో 1/1000 పెట్టి తియ్యండి, ఒక వెలుగూ ఒక చీకటీ కలిపి ఒక చారగా లెక్కపెట్టి పదితో గుణించండి, మిల్లీసెకన్లు వచ్చేస్తాయి. కుర్రాడు అదే రాత్రి తీసి పంపించాడు, ఆరున్నర చారలు. అరవై ఐదు. బంతి బాగా నెమ్మది. నిమ్మకాయ తీసెయ్యమంటారా అన్నాడు, లెన్సుకి అడ్డం రానంతవరకూ మీ అమ్మ మాట ఎందుకు కాదనడం అన్నాను. పది నిమిషాలాగి మళ్ళీ మెసేజి: "మాస్టారూ, మా బావ పెళ్ళి అమెరికాలో, అక్కడ కూడా వందేనా?" అక్కడ కరెంటు 60 హెర్ట్జ్, నెయ్యి 120 సార్లు, 1/60 పెట్టుకో నాయనా.