బెంజీన్‌ను బొగ్గు ఎప్పుడు వదులుతుంది?

గుంటూరు నుంచి ఒక ఎమ్మెస్సీ విద్యార్థిని అడిగింది: "బెంజీన్ ఆవిరిని యాక్టివేటెడ్ బొగ్గు గట్టిగా పట్టేస్తుందంటారు కదా సార్, మరి గ్యాస్ క్రొమటోగ్రఫీ గొట్టంలో అదే బొగ్గు నింపితే ఆవిరి అవతలికి ఎలా వస్తుంది?" గ్యాస్ క్రొమటోగ్రఫీ అంటే ఆవిరుల మిశ్రమాన్ని వాయుప్రవాహంతో గొట్టంలోంచి నెట్టి, దేన్ని దాన్ని విడదీయడం. బొగ్గుకు ఎంత ఆవిరి అంటుకుంటుందో లెక్కగట్టే ఫ్రాయిండ్లిక్ సమీకరణాన్ని ఇంటర్‌లోనే బట్టీ పట్టిస్తారు గానీ, ఈ ప్రశ్న ఎవరూ అడగనివ్వరు.

దిష్టి తగలకుండా పలహారాల డబ్బాలో వేసే బొగ్గుముక్క ఇక్కడ పెద్దగా పనికిరాదు. దాని రంధ్రాలు చాలావరకు తారుతో పూడిపోయి ఉంటాయి. రంపపుపొట్టును ఫాస్ఫారిక్ ఆసిడ్‌లో నానబెట్టి, గాలి తగలకుండా 500 డిగ్రీల దాకా కాల్చి కడిగితే, ఆసిడ్ ఉన్న చోటల్లా ఖాళీ మిగులుతుంది. అదే యాక్టివేటెడ్ బొగ్గు. గ్రాము బొగ్గులో సుమారు 1000 చదరపు మీటర్ల ఉపరితలం, అంటే పాతిక సెంట్ల నేల! 2 నానోమీటర్ల కన్నా సన్నటి రంధ్రంలో దూరిన బెంజీన్‌ను రెండు గోడలూ లాగుతాయి. అయినా అది అణువుల మధ్య ఉండే బలహీనమైన వాన్‌డర్‌వాల్స్ ఆకర్షణే, రసాయన బంధం కాదు. వేడి తగిలితే ఊడుతుంది, ముందుకెళ్లి మళ్లీ అతుక్కుంటుంది.

సాయంత్రం బెజవాడ బీసెంట్ రోడ్డులోకి జనం ఒకేసారి దిగారనుకోండి. అందరి నడకా ఒకటే, తేడా అంతా కొట్ల ముందు నిలబడే సేపులోనే. హైడ్రోజన్ ఏ కొట్టూ చూడదు. మీథేన్ అక్కడక్కడా ఆగుతుంది. బెంజీన్ కనబడ్డ ప్రతి కొట్టూ ఎక్కుతుంది, గొట్టాన్ని బాగా వేడిచేస్తే తప్ప బయటపడదు. ఇంతవరకు బాగానే ఉంది. చిక్కంతా సందుల్లోని కొట్లతో. అక్కడ ఇరుక్కున్న కొద్దిమంది బేరం తెగక గంట తర్వాత వస్తారు. ఎప్పుడు ఎంత ఆవిరి బయటికొచ్చిందో చూపే గ్రాఫులో శిఖరం వెనక పొడుగాటి తోక కనిపించేది వీళ్ల వల్లే. జనం ఎక్కువైతే ఇంకో తమాషా: సందులు ముందే నిండిపోతాయి, మిగతావాళ్లు త్వరగా బయటికొస్తారు. అందుకే శాంపిల్ పెంచితే శిఖరం ముందుకు జరుగుతుంది.

బొగ్గులో ఆ సందులు ఏమిటంటే ఉపరితలానికి అంటిన ఆక్సిజన్ గుంపులు, బూడిదలోని లోహాలు, మరీ ఇరుకు రంధ్రాలు. ఆల్కహాల్‌ను ఆక్సిజన్ గుంపులు హైడ్రోజన్ బంధంతో పట్టుకుంటాయి. ఆసిడ్‌తో కడిగితే లోహాలు పోతాయి, హైడ్రోజన్‌లో బాగా వేడిచేస్తే ఆక్సిజన్ గుంపులు పోతాయి. స్క్వాలేన్ అనే నూనెలాంటి ద్రవం కొద్దిగా పూస్తే సందులకు షట్టర్ వేసినట్టే. కార్బన్ బ్లాక్ అనే సన్నటి మసిని గాలి తగలకుండా 3000 డిగ్రీల దాకా వేడిచేస్తే సందులే ఉండవు, కానీ ఉపరితలం బాగా తగ్గుతుంది.

పెట్రోల్ బంకు గాలిలో బెంజీన్ ఎంతుందో పరీక్షించేటప్పుడు మాత్రం మనకు కావలసింది బొగ్గు గట్టిగా పట్టుకోవడమే. చిన్న గాజుగొట్టంలో ముందు 100 మిల్లీగ్రాములు, వెనక 50 మిల్లీగ్రాముల కొబ్బరిచిప్ప బొగ్గు ఉంటుంది. పట్టిన బెంజీన్‌ను కార్బన్ డైసల్ఫైడ్‌తో కడిగి క్రొమటోగ్రాఫ్‌కు ఇస్తారు. ముందు భాగంలో దొరికినదాంట్లో పదో వంతుకు మించి వెనక భాగంలో కనిపిస్తే, బొగ్గు నిండి ఆవిరి దాటిపోయిందని అర్థం. ఆ శాంపిల్‌ను నమ్మరు.