ఉట్నూరు బూడిద దిబ్బ: పశువుల దొడ్డా, పండగ మంటా?

హంపి దగ్గర నింబాపురంలో ఒక బూడిద దిబ్బ ఉంది. వాలిని దహనం చేసిన చోటు అదేనని అక్కడివాళ్లు చెబుతారు. బళ్లారి, రాయచూరు నుంచి అనంతపురం, పాత మహబూబ్‌నగర్ జిల్లాల దాకా ఇలాంటివి వందకు పైగా దొరికాయి, చాలా చోట్ల బూడిద కరిగి గాజులా గట్టిపడి ఉంటుంది. అందుకే అగ్నిపర్వతం బూడిదని కొందరు, ఇనుప చిట్టెమని ఇంకొందరు అనుకున్నారు.

19వ శతాబ్దంలోనే భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఇవి కొత్త రాతియుగం వాళ్ల పశువుల దొడ్లని, కాలింది పేడని అన్నాడు. రుజువు మాత్రం 1957లో ఉట్నూరులో దొరికింది (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, ఇది పాత మహబూబ్‌నగర్ జిల్లాది). పురావస్తు శాస్త్రవేత్త రేమండ్ ఆల్చిన్ అక్కడ తవ్వితే, చెట్ల మొద్దులు పాతి కట్టిన కంచెల గుంతలు వరసగా బయటపడ్డాయి. లోపలి కంచెలో మంద, రెండు కంచెల మధ్య మనుషుల గుడిసెలు. అన్నిటికన్నా నన్ను కదిలించింది అక్కడి పశువుల గిట్టల ముద్రలు, నాలుగు వేల ఏళ్లకు పైబడినవి! ఇలాంటి దిబ్బల బూడిదను జోయ్‌నర్ అనే శాస్త్రవేత్త పరీక్షించి అది పేడదేనని తేల్చాడు.

సరే, పేడే. మరి ఎందుకు కాల్చారు? దొడ్డి ఒకసారి అంటుకుంటే ప్రమాదం అనుకోవచ్చు, కానీ పొర మీద పొర, కాలిన ప్రతిసారీ మళ్లీ అక్కడే కంచె కట్టుకున్నారంటే అది కావాలని పెట్టిన మంటే అయ్యుండాలి. ఆల్చిన్ దీన్ని ఏటా వచ్చే పండగ మంటలతో పోల్చాడు. కర్ణాటక పల్లెల్లో సంక్రాంతికి ఇప్పటికీ పశువులను మంట మీదుగా దాటిస్తారు కాబట్టి ఆ ఊహ నాకు దూరంగా అనిపించదు. తర్వాత మన పురావస్తు శాస్త్రవేత్త కె. పద్దయ్య గారు కర్ణాటకలోని బూదిహాళ్‌లో తవ్వి, దిబ్బ పక్కనే ఇళ్లు, పిల్లల సమాధులు, పశువులను కోసిన చోటు చూపించారు. అంటే అక్కడిది అడవిలో విడిగా కట్టిన దొడ్డి కాదు, ఊరిలో భాగమే.

బాధేమిటంటే చాలా దిబ్బలను ఎరువు కోసం తవ్వి పొలాలకు తోలేశారు. మంట ఎన్నిసార్లు పెట్టారో, మధ్యలో ఎంతకాలం ఆగారో తెలిసేది ఆ పొరల వల్లే.