బిల్డ్ సర్వర్‌కు జెడ్ డ్రైవ్ ఎందుకు కనిపించదు: అపోహలు, వాస్తవాలు

"చేత్తో రన్ చేస్తే పనిచేస్తోంది, జెంకిన్స్‌లో పెడితే ఫెయిలవుతోంది." బిల్డ్, రిలీజ్ పనులు చూసేవాళ్లు ఈ మాట విననిది ఎప్పుడు? (జెంకిన్స్ అంటే ఆ బిల్డ్‌లను దానంతటదే నడిపే టూల్.) లాగ్ తెరిస్తే 'ద సిస్టమ్ కెనాట్ ఫైండ్ ద పాత్ స్పెసిఫైడ్' అని ఉంటుంది. అదే సర్వర్‌లోకి రిమోట్ డెస్క్‌టాప్‌తో వెళ్లి చూస్తే జెడ్ డ్రైవ్, అంటే ఫైల్ సర్వర్‌లోని షేర్‌కు (నెట్‌వర్క్‌లో పంచిన ఫోల్డర్‌కు) తగిలించిన అక్షరం, నిక్షేపంలా ఉంటుంది. ఇక నెట్‌వర్క్ టీమ్‌కు ఒక టికెట్, స్టోరేజ్ టీమ్‌కు ఇంకొకటి, అందరికీ టెన్షన్. చాలాసార్లు తప్పు ఆ రెండు చోట్లా ఉండదు. ఇక్కడ మాట్లాడేది విండోస్ గురించి. జెంకిన్స్ అని రాస్తున్నా, సర్వీస్‌గా (ఎవరూ డెస్క్‌టాప్‌లో లేకపోయినా వెనకాల నడిచే ప్రోగ్రామ్‌గా) నడిచే టీమ్‌సిటీ ఏజెంట్‌కైనా అజూర్ డెవాప్స్ ఏజెంట్‌కైనా ఇదే వర్తిస్తుంది.

అపోహ: డ్రైవ్ మ్యాప్ చేస్తే ఆ మెషీన్ మొత్తానికీ చేసినట్టే.

వాస్తవం: సీ డ్రైవ్ మెషీన్‌ది. మీరు మ్యాప్ చేసిన జెడ్ డ్రైవ్ మీ లాగాన్ సెషన్‌ది. విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచీ పద్ధతి ఇదే. ఎవరు లాగాన్ అయినా విండోస్ ఆ సెషన్‌కు ఒక గుర్తింపు సంఖ్య ఇస్తుంది, మ్యాప్ చేసిన అక్షరాలను ఆ సంఖ్య కిందే రాసుకుంటుంది. పక్క సెషన్‌కు ఆ జాబితా కనిపించదు. జెడ్ అనేది ఇంట్లో పిలుచుకునే ముద్దుపేరు లాంటిది, బయటివాళ్లకు అసలు పేరు చెప్పాలి. ఆ అసలు పేరే రెండు బ్యాక్‌స్లాష్‌లతో మొదలయ్యే యూఎన్‌సీ పాత్: \\ఫైల్‌సర్వర్\రిలీజ్ అన్నట్టు. సర్వీసులు మ్యాప్ చేసిన అక్షరాల మీద ఆధారపడవద్దని, యూఎన్‌సీ పాత్‌లే వాడాలని మైక్రోసాఫ్ట్ డాక్యుమెంటేషన్ కూడా చెబుతుంది.

అపోహ: అయితే సర్వీస్‌ను నా అకౌంట్ కిందే నడిపితే సరిపోతుంది.

వాస్తవం: ఎక్కువమంది తడబడేది ఇక్కడే. అక్షరం అకౌంట్‌తో పాటు రాదు. ఒకే యూజర్ రిమోట్ డెస్క్‌టాప్‌లో ఒకసారి, సర్వీస్‌గా ఒకసారి లాగాన్ అయితే అవి రెండు వేర్వేరు సెషన్లు. అకౌంట్ మారిస్తే షేర్ మీద పర్మిషన్ వస్తుంది గానీ జెడ్ మాత్రం రాదు. నమ్మకం కుదరకపోతే మామూలు కమాండ్ ప్రాంప్ట్ ఒకటి, 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్'తో ఇంకొకటి తెరిచి రెండింట్లోనూ నెట్ యూజ్ (డ్రైవ్‌లను మ్యాప్ చేసే, మ్యాప్ అయినవాటిని చూపించే కమాండ్) కొట్టండి. యూఏసీ (అడ్మిన్ పనికి ముందు విండోస్ అనుమతి అడిగే ఏర్పాటు) ఆన్‌లో ఉండి మీరు అడ్మిన్ అయితే, ఒకే మనిషి ఒకే స్క్రీన్ ముందు కూర్చున్నా మొదటి దాంట్లో ఉన్న డ్రైవ్ రెండో దాంట్లో ఉండదు.

ఆ రెండు ప్రాంప్ట్‌ల తేడాను పోగొట్టడానికి రిజిస్ట్రీలో ఎనేబుల్‌లింక్డ్‌కనెక్షన్స్ అనే విలువ ఒకటుంది. దాన్ని పెట్టి సర్వర్ రీస్టార్ట్ చేసి, జెంకిన్స్ ఇంకా ఫెయిలవుతోందేంటని అడిగేవాళ్లు ఉంటారు. అది ఒకే యూజర్ తాలూకు మామూలు టోకెన్‌నూ (టోకెన్ అంటే లాగాన్ అయినవాళ్ల అధికారాల చీటీ) అడ్మిన్ టోకెన్‌నూ కలుపుతుందంతే. సర్వీస్ జోలికి రాదు.

అపోహ: నెట్ యూజ్‌లో పర్సిస్టెంట్ యెస్ ఇచ్చాం కదా, రీబూట్ అయినా ఉంటుంది.

వాస్తవం: ఆ వివరం యూజర్ ప్రొఫైల్ రిజిస్ట్రీలో ఉంటుంది. దాన్ని చదివి మళ్లీ కలిపేది మనిషి డెస్క్‌టాప్‌లోకి లాగాన్ అయినప్పుడు. సర్వీస్ లాగాన్‌లో ఆ పని జరగదు.

అపోహ: లోకల్ సిస్టమ్‌కు (సర్వీసులు నడపడానికి విండోస్‌లోనే ఉండే అకౌంట్‌కు) అన్ని అధికారాలూ ఉంటాయి, షేర్ తెరవడం ఎంత?

వాస్తవం: ఆ అధికారాలన్నీ ఆ మెషీన్ గేటు దాకే. డొమైన్‌లో (అకౌంట్లన్నీ ఒకేచోట నిర్వహించే కంపెనీ నెట్‌వర్క్‌లో) ఉన్న సర్వర్ నుంచి నెట్‌వర్క్ మీదకు వెళ్తే లోకల్ సిస్టమ్, నెట్‌వర్క్ సర్వీస్ రెండూ మెషీన్ అకౌంట్‌గానే కనిపిస్తాయి. అంటే సర్వర్ పేరు, చివర డాలర్ గుర్తు. లోకల్ సర్వీస్ అయితే పేరు లేకుండానే వెళ్తుంది, కాబట్టి దాన్ని మరిచిపోండి. మెషీన్ అకౌంట్‌కు పర్మిషన్ ఇవ్వడం తప్పేం కాదు. కాకపోతే పర్మిషన్ల డైలాగ్‌లో ఆ పేరు వెతికితే దొరకదు. 'ఆబ్జెక్ట్ టైప్స్' నొక్కి 'కంప్యూటర్స్' టిక్ పెడితేనే దొరుకుతుంది. షేర్ పర్మిషన్, ఎన్‌టీఎఫ్ఎస్ పర్మిషన్ (ఫోల్డర్ మీద ఉండేది) రెండూ చూడండి, రెండింట్లో ఏది ఎక్కువ కట్టడి చేస్తే అదే చెల్లుతుంది. షేర్‌లో 'ఎవ్రీవన్, రీడ్' అని వదిలేసి, ఫోల్డర్‌లో మాత్రం ఫుల్ కంట్రోల్ ఇచ్చి, రాయలేకపోతోందని ఫిర్యాదు చేసే కేసులు బోలెడు.

నన్నడిగితే డొమైన్ ఉన్నచోట గ్రూప్ మేనేజ్డ్ సర్వీస్ అకౌంట్ మేలు. విండోస్ సర్వర్ 2012 నుంచీ ఉంది, పాస్‌వర్డ్‌ను మామూలుగా 30 రోజులకోసారి అదే మార్చుకుంటుంది. ఎవరో పాస్‌వర్డ్ మార్చారని సోమవారం పొద్దున బిల్డ్‌లన్నీ ఆగిపోయే బాధ ఉండదు. డొమైనే లేకపోతే మెషీన్ అకౌంట్ ఎందుకూ పనికిరాదు. ఫైల్ సర్వర్‌లో ఒక యూజర్‌ను చేసి, అదే పేరు, అదే పాస్‌వర్డ్‌తో బిల్డ్ సర్వర్‌లోనూ చేసి, సర్వీస్‌ను దాని కింద నడపాలి.

అపోహ: యూఎన్‌సీ పాత్ పెడితే ఇక ఏ సమస్యా ఉండదు.

వాస్తవం: తొంభై శాతం సమస్యలు పోతాయని నోటిమాటగా అంటాను. మిగతాది చిరాకు పెడుతుంది. కమాండ్ ప్రాంప్ట్ యూఎన్‌సీ ఫోల్డర్‌ను తన కరెంట్ డైరెక్టరీగా ఒప్పుకోదు, అక్కడే మొదలైతే చెప్పీచెప్పనట్టు ఒక వాక్యం రాసి విండోస్ ఫోల్డర్‌లోకి వెళ్లిపోతుంది, సీడీతో వెళ్లబోతే ఉన్నచోటే ఉండిపోతుంది. తర్వాతి లైన్లు అక్కడ నడుస్తాయి. ఆ లైన్లలో ఫైళ్లు చెరిపే కమాండ్ ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి. సీడీ బదులు పుష్‌డీ వాడితే తనంతట తానే జెడ్ నుంచి వెనక్కి చూసుకుంటూ ఖాళీ అక్షరాన్ని తాత్కాలికంగా తగిలిస్తుంది, పాప్‌డీతో తీసేస్తుంది. జెంకిన్స్ పైప్‌లైన్ స్క్రిప్ట్‌లో ఇంకో చిక్కు: గ్రూవీ (ఆ స్క్రిప్ట్ రాసే భాష) స్ట్రింగ్‌లో ఒక బ్యాక్‌స్లాష్ కావాలంటే రెండు రాయాలి. కాబట్టి పాత్ మొదట్లో నాలుగు పడాలి. రెండే రాస్తే ఒక్కటే మిగిలి, అది లోకల్ పాత్ అయిపోతుంది.

పాత టూల్ ఏదైనా యూఎన్‌సీ వద్దని మొండికేస్తే ఎంకేలింక్‌తో లోకల్ ఫోల్డర్ నుంచి షేర్‌కు సింబాలిక్ లింక్ పెట్టండి. జంక్షన్ (అలాంటిదే ఇంకో రకం లింక్) పనికిరాదు, అది నెట్‌వర్క్‌ను చూపించలేదు.

అపోహ: పీఎస్‌ఎగ్జెక్‌తో (వేరే అకౌంట్ పేరుతో ప్రోగ్రామ్‌లు నడిపే టూల్‌తో) లోకల్ సిస్టమ్ ప్రాంప్ట్ తెరిచి మ్యాప్ చేస్తే శాశ్వత పరిష్కారం.

వాస్తవం: అప్పటికి పనిచేస్తుంది, రీబూట్‌తో పోతుంది. సిస్టమ్ తగిలించిన అక్షరం మెషీన్ మొత్తానికీ కనిపిస్తుంది కాబట్టి, లాగాన్ అయినవాళ్లందరికీ ఎక్స్‌ప్లోరర్‌లో 'డిస్‌కనెక్టెడ్' అంటూ ఒక దిక్కులేని డ్రైవ్ కనిపిస్తుంది, వాళ్లు దాన్ని తీసెయ్యలేరు. నేనైతే పెట్టను.

అపోహ: బిల్డ్ మొదటి స్టెప్‌లో నెట్ యూజ్, చివర్లో డిలీట్. ఇంతకన్నా శుభ్రమైన పద్ధతి లేదు.

వాస్తవం: ఒక్క జాబ్ నడిచినంతసేపు నిజమే. అదే ఏజెంట్ మీద రెండు జాబ్‌లు ఒకేసారి నడిస్తే వాటి లాగాన్ సెషన్ ఒక్కటే. రెండోదానికి 85వ ఎర్రర్ వస్తుంది, ఆ అక్షరం వాడకంలో ఉందని. లేదా మొదటిది ముగిసి డ్రైవ్ తీసేస్తే రెండోది మధ్యలో కూలుతుంది. వేరే యూజర్ పేరుతో అదే సర్వర్‌కు కలవబోతే 1219వ ఎర్రర్. వేరే పాస్‌వర్డ్ తప్పనిసరి అయితే అక్షరం లేకుండా నేరుగా షేర్ పేరుతో నెట్ యూజ్ చేసి, తర్వాత యూఎన్‌సీ పాత్ వాడుకోండి. పాస్‌వర్డ్ మాత్రం స్క్రిప్ట్‌లో రాయకండి, జెంకిన్స్ క్రెడెన్షియల్స్‌లో పెట్టండి.

అపోహ: ఇది ఫైర్‌వాల్ పనే.

వాస్తవం: అదే సర్వర్ నుంచి, అదే షేర్ మీ రిమోట్ డెస్క్‌టాప్‌లో తెరుచుకుంటోందంటే షేర్‌లు వాడే 445 పోర్ట్ తెరిచే ఉన్నట్టు. టికెట్ పెట్టే ముందు ఒక ఖాళీ జాబ్‌లో మూడే కమాండ్‌లు పెట్టి నడపండి: హూయామ్‌ఐ, నెట్ యూజ్, షేర్ యూఎన్‌సీ పాత్ మీద డిర్. మొదటిది సర్వీస్ ఎవరి పేరుతో నడుస్తోందో చెబుతుంది, చాలాసార్లు మీరు అనుకున్న పేరు ఉండదు. రెండోది ఖాళీగా వస్తే అక్షరం సంగతి తేలిపోయినట్టే. మూడోది 'యాక్సెస్ ఈజ్ డినైడ్' అంటే పర్మిషన్లు చూడాలి. నెట్‌వర్క్ పాత్ దొరకలేదంటే పేరు, డీఎన్ఎస్ చూడాలి. పాస్‌వర్డ్ తప్పంటే అకౌంట్ చూడాలి. ఇవన్నీ సరిగ్గా ఉన్నా టూల్ ఫెయిలైతే ప్రాసెస్ మానిటర్ పెట్టి, అది ఏ పాత్‌ను అడుగుతోందో చూడండి. ఎక్కడో పాత కాన్ఫిగ్ ఫైల్‌లో జెడ్ అలాగే మిగిలిపోయి ఉంటుంది.