ట్రాక్టర్ ఇంజిన్ వెనక సీల్: అపోహలు - వాస్తవాలు

యాసంగి నాట్లు దగ్గరపడగానే నర్సంపేట, వర్ధన్నపేట వైపు నుంచి మా షెడ్డుకు వచ్చే ట్రాక్టర్లలో చాలావాటికి క్లచ్ హౌసింగ్ కింద ఆయిల్ కారుతుంటుంది. క్రాంక్ వెనక సీల్ (క్రాంక్‌షాఫ్ట్ వెనక చివర ఇంజిన్ ఆయిల్‌ను ఆపే రింగు) మార్చాలంటే ఇంజిన్‌ను గేర్‌బాక్స్ నుంచి విడదీసి, క్లచ్‌ను, ఫ్లైవీల్‌ను దించాలి కనుక, ఆ ఖర్చు రెండోసారి మీద పడకూడదనుకునే రైతు ఈ నాలుగు విషయాలు తెలుసుకోవడం మంచిది.

అపోహ: కింద ఆయిల్ కారితే క్రాంక్ సీల్ పోయినట్టే.
వాస్తవం: గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్ పోయినా క్లచ్ హౌసింగ్ కింది రంధ్రం నుంచే కారుతుంది. నల్లగా, పలుచగా ఉంటే ఇంజిన్ ఆయిల్ అనుకోవచ్చు. పైన ట్యాపెట్ కవర్ నుంచి జారి వెనక్కి చేరిందేమో కూడా ముందే తుడిచి చూడాలి.

అపోహ: కొత్త సీల్ వేస్తే లీక్ ఆగుతుంది.
వాస్తవం: తరచుగా తప్పు సీల్‌ది కాదు. సీల్ లిప్ (షాఫ్ట్‌కు ఆనే లోపలి అంచు) ఏళ్ల తరబడి ఒకే చోట రుద్దుకోవడంతో షాఫ్ట్ మీద గాడి పడుతుంది. వేలిగోరు అడ్డంగా లాగితే అది తగులుతుంది. గోరు ఆగేంత గాడి ఉన్నప్పుడు ఎంత మంచి కంపెనీ సీల్ వేసినా నిలవదు కనుక షాఫ్ట్‌కు పలుచని స్లీవ్ (లోహపు తొడుగు) ఎక్కించాలి, లేదా హౌసింగ్‌లో చోటుంటే సీల్‌ను కాస్త ముందుకో వెనక్కో కూర్చోబెట్టి లిప్ నున్నటి చోట ఆనేలా చూడాలి. అంతకన్నా ఎక్కువమంది మరచిపోయేది బ్రీదర్, అంటే ఇంజిన్ లోపలి గ్యాస్‌ను బయటకు వదిలే దారి. అది మడ్డితో మూసుకుపోయినా, పిస్టన్ రింగులు అరిగి గ్యాస్ కిందికి దిగుతున్నా, క్రాంక్‌కేస్‌లో పెరిగిన ఒత్తిడి ఆయిల్‌ను సీల్ దాటించి బయటకు నెడుతుంది. బ్రీదర్ కడగకుండా సీల్ మార్చడం నా దృష్టిలో సగం పనే.

అపోహ: సీల్‌ను సుత్తితో కొట్టి దింపి, చుట్టూ పేస్ట్ దండిగా పూస్తే చాలు.
వాస్తవం: ఒక పక్క కొడితే సీల్ వంకరగా కూర్చుంటుంది. దాని అంచుకు సరిపడే పైపు ముక్కను ఆనించి, స్ప్రింగ్ ఉన్న వైపు ఆయిల్ దిక్కుకు ఉండేలా, లిప్‌కు ఆయిల్ రాసి సమంగా దింపాలి. ఎక్కువైన పేస్ట్ లోపలికి ఊడిపడి సంప్ (ఇంజిన్ కింది ఆయిల్ తొట్టి) లోపలి జాలిని మూసేస్తుంది.

అపోహ: రెంచ్‌కు పొడుగు పైపు తొడిగి ఎంత బిగిస్తే అంత భద్రం.
వాస్తవం: ఫ్లైవీల్ బోల్టులను ఆ మోడల్ మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కే (బిగింపు కొలతకే), ఎదురెదురుగా, విడతలవారీగా బిగించాలి. క్లచ్ ప్లేటును డమ్మీ షాఫ్ట్‌తో మధ్యకు తెచ్చాకే ఇంజిన్‌ను గేర్‌బాక్స్‌తో కలపాలి. రెండూ వాటంతటవే ఆనకపోతే బోల్టులతో లాగి దగ్గరకు తేవద్దు, ప్లేటు హబ్ వంగుతుంది.

అంతా బిగించాక స్టాప్ నాబ్ లాగి ఉంచి, సెల్ఫ్‌ను కొన్ని సెకన్ల చొప్పున ఆపి ఆపి తిప్పుతూ, ఆయిల్ మీటర్ ముల్లు లేచాకే స్టార్ట్ చేయాలి. ఇంజిన్ బాగా వేడెక్కే దాకా నడిపి, హౌసింగ్ కింది రంధ్రాన్ని టార్చ్‌తో చూడాలి. కొన్ని మోడళ్లలో బురద పనికోసం ఆ రంధ్రానికి ప్లగ్ పెడతారు; పొలం పని అయిపోయాక దాన్ని తీయకపోతే కారిన ఆయిల్ లోపలే నిలిచి క్లచ్ ప్లేటును తడుపుతుంది.