పుర్రె లోపల సర్దుకునే చోటెంత?

ఆదోని నుంచి ఒక పాఠకుడు రాశారు. వాళ్ళ నాయనకు డెబ్బై దాటాయి. గుండెకు స్టెంట్ వేసినప్పటి నుంచి రక్తం పల్చబడే మాత్రలు వాడుతున్నారు. తెల్లవారుజామున బాత్‌రూంలో తడి బేతంచెర్ల బండల మీద కాలు జారి వెల్లకిలా పడ్డారు. తల వెనక పెద్ద బొప్పి, రక్తం మాత్రం చుక్క లేదు. తనే లేచి, కాఫీ తాగి, పేపర్ కూడా చదివారు. "బొప్పి బయటికొచ్చిండాది గదా, ఇంగేం భయం లేదులేప్పా" అన్నారు ఇరుగుపొరుగు. కొడుకు వినకుండా కర్నూలు తీసుకెళ్ళి సీటీ స్కాన్ తీయించారు. స్కాన్‌లో ఏమీ కనబడలేదు. ఇప్పుడు ఇంటిల్లిపాదీ డబ్బు దండగ చేశావంటున్నారట. "నేను చేసింది తప్పా సార్?" అని ఆయన ప్రశ్న.

తప్పు కాదు. ఆ వయసులో, ఆ మాత్రలు వాడుతున్న మనిషి తల బండకు కొట్టుకుంటే స్కాన్ తీయించడం దండగ అనే డాక్టర్ ఉండరు. అయితే నన్ను ఆపింది ఆ ప్రశ్న కాదు, ఇంట్లోవాళ్ళ వాదన. "లేచి పేపర్ చదివినాడు గదా!" నిజమే, చదివారు. ఆ పేపర్ చదవడం దేనికీ సాక్ష్యం కాదని చెప్పడానికే ఇదంతా.

ముందు రక్తం సంగతి. విజయదశమి అర్ధరాత్రి దేవరగట్టులో మాళ మల్లేశ్వరస్వామి ఉత్సవ విగ్రహాల కోసం ఊళ్ళ మధ్య కర్రలు లేచే బన్ని ఉత్సవం గురించి మన జిల్లాల్లో తెలియనివాళ్ళు లేరు. ఏటా తలలు పగులుతాయి. పగిలిన చోట పసుపు అద్దుకుని మళ్ళీ గుంపులోకి వెళ్తారు. చూసేవాళ్ళ గుండె జారేంత రక్తం కారుతుంది. దానికి కారణం నెత్తి చర్మం నిర్మాణమే. అక్కడ రక్తనాళాలు దట్టంగా ఉంటాయి. పైగా వాటి గోడలను చుట్టూ ఉన్న గట్టి పీచు పట్టి ఉంచుతుంది కాబట్టి, తెగితే ముడుచుకుని మూసుకోలేవు. అందుకే చిన్న గాయానికీ చొక్కా తడిసిపోతుంది. శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు గట్టిగా అదిమి పట్టుకుంటే చాలావరకు ఆగుతుంది. (పుర్రె ఎముక లోపలికి అణిగినట్టు అనిపిస్తే మాత్రం అదమకూడదు. కాఫీపొడి అసలే వద్దు. కుట్లు వేసే ముందు దాన్ని కడగలేక డాక్టర్లు పడే అవస్థ వేరే.) బయట ఎంత కారిందన్నదానికీ లోపల ఏం జరుగుతోందన్నదానికీ లంకె లేదు. చుక్క కూడా కారని తలలోనే ప్రాణం పోయేంత రక్తం గడ్డకట్టవచ్చు.

ఇక నాకిష్టమైన చోటుకొస్తాను. 1783లో అలెగ్జాండర్ మన్రో, 1824లో జార్జ్ కెల్లీ అనే స్కాట్లండ్ వైద్యులు ఒక మామూలు మాట చెప్పారు. పెద్దవాళ్ళ పుర్రె సాగని పెట్టె. అందులో దాదాపు నూటికి ఎనభై పాళ్ళు మెదడు, మిగిలిన చోటులో కొంత రక్తం, కొంత మెదడు చుట్టూ తిరిగే నీరు. ఒకటి పెరిగితే ఇంకొకటి తగ్గాలి.

దసరా నాడు దేవరగట్టుకు పోయే పల్లెవెలుగు బస్సును తలచుకోండి. ఉన్నది ఒకటే డోరు. రేకు బాడీ సాగదు. సీట్లలో కూర్చున్నవాళ్ళు మెదడు. నిలబడ్డవాళ్ళు మెదడు నీరు. కాళ్ళ దగ్గరి మూటలు సిరల్లోని రక్తం. ఇప్పుడు కొత్తవాళ్ళు ఎక్కడం మొదలైంది. ఆ కొత్తవాళ్ళే లోపల పేరుకుంటున్న గడ్డ. మొదట నిలబడ్డవాళ్ళు కొందరు దిగిపోతారు. అంటే నీరు పుర్రెలోంచి వెన్నులోకి జారుతుంది. తర్వాత మూటలు టాపెక్కుతాయి. అంటే సిరల రక్తం మెడ వైపు దిగిపోతుంది. కండక్టర్ "సర్దుకోండి, సర్దుకోండి" అంటూనే ఉంటాడు, జనం సర్దుకుంటూనే ఉంటారు. బయటినుంచి చూస్తే బస్సు మామూలుగానే ఉంది. మనిషి పేపర్ చదువుతున్నాడు.

ఒక దశలో దిగేవాళ్ళు అయిపోతారు, మూటలూ అయిపోతాయి. అప్పటిదాకా పదిమంది ఎక్కినా తెలియని బస్సులో ఇప్పుడు ఒక్కడు ఎక్కితే అందరికీ ఊపిరాడదు. లోపలి ఒత్తిడి గీత గీస్తే మొదట నేల బారుగా పోయి, ఒక్కసారిగా గోడలా లేస్తుంది. రోగి "కొంచెం తలనొప్పిగా ఉంది" అన్న మాటకూ స్పృహ తప్పడానికీ మధ్య ఒక్కోసారి కొద్ది నిమిషాలే ఉండటానికి ఈ గీత ఆకారమే కారణం.

ఇంకో మెట్టు లోపలికి వెళ్దాం. మెదడుకు రక్తం అందించే ఒత్తిడి అంటే సగటు రక్తపోటులోంచి పుర్రె లోపలి ఒత్తిడి తీసేయగా మిగిలింది. పడుకున్న మనిషి పుర్రెలో ఒత్తిడి మామూలుగా 5 నుంచి 15 ఉంటుంది, బీపీని కొలిచే పాదరసపు మిల్లీమీటర్లలోనే. సగటు రక్తపోటు 90, లోపల 10 అనుకుంటే మిగిలేది 80. లోపల 40కి చేరితే మిగిలేది 50. మెదడు ఆకలితో అల్లాడుతుంది, శరీరం బీపీ పెంచుతుంది, నాడి నెమ్మదిస్తుంది, శ్వాస గతి తప్పుతుంది. హార్వే కుషింగ్ అనే సర్జన్ 20వ శతాబ్దం తొలి ఏళ్ళలో వివరించిన లక్షణాలివి. శ్వాస మందగిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. దానివల్ల మెదడులోని రక్తనాళాలు వెడల్పవుతాయి. అంటే లోపలికి ఇంకాస్త రక్తం, ఇంకాస్త ఒత్తిడి. నిండిన బస్సులోకి మూటలు మళ్ళీ దిగుతున్నాయన్నమాట. చివరికి జనమంతా డోరు వైపు తోసుకొస్తారు. పుర్రె అడుగున ఉండే ఆ ఒక్క పెద్ద రంధ్రం దగ్గరే ఊపిరిని నడిపించే మెదడు కాండం ఉంది. దారిలో కంటిపాపను ముడిచే నరం కూడా నలుగుతుంది. పాపను చిన్నది చేసే పోగులు ఆ నరం పైపొరలోనే ఉంటాయి కాబట్టి ముందు దెబ్బ తినేది అవే. డాక్టర్ కంట్లో టార్చి వేసి చూసేది అందుకే. గడ్డ ఉన్న వైపు పాప పెద్దదై వెలుతురుకు కదలకపోతే ఇక వ్యవధి లేనట్టే.

అందరికంటే వేగంగా బస్సు నింపేది ధమని. కణత దగ్గర ఎముక పల్చన. దాని లోపలి వైపు గాడిలో ఒక ధమని పోతుంది. ఎముక చిట్లితే అది తెగి, ఎముకకూ మెదడు పైపొరకూ మధ్య రక్తం చేరుతుంది. దెబ్బ తగిలిన క్షణంలో కళ్ళు తిరిగినా, మనిషి తేరుకుని మాట్లాడతాడు, నడుస్తాడు, ఆ తర్వాత కూలిపోతాడు. అందరిలో ఇలాగే జరగదు కానీ, జరిగినచోట మోసపోనివాళ్ళు తక్కువ. 2009 మార్చిలో నటి నటాషా రిచర్డ్‌సన్ కెనడాలో మంచు మీద స్కీయింగ్ నేర్చుకుంటూ పడ్డారు. బాగానే ఉన్నానని వచ్చిన అంబులెన్స్‌ను కూడా వద్దన్నారు. కొన్ని గంటల్లో తలనొప్పి మొదలైంది, రెండో రోజుకు మరణించారు. కారణం ఇలాంటి గడ్డే. మన క్రికెటర్ రమణ్ లాంబా సంగతి పాతవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 1998 ఫిబ్రవరి 20న ఢాకాలో ఒక క్లబ్ మ్యాచ్‌లో హెల్మెట్ లేకుండా బ్యాట్స్‌మన్‌కు దగ్గరగా ఫీల్డింగ్ చేస్తుంటే బంతి తలకు తగిలింది. మైదానంలోంచి నడిచే బయటికి వెళ్ళారు. ఆ తర్వాత స్పృహ తప్పింది. ఆపరేషన్ చేసినా మూడో రోజున పోయారు.

విచిత్రమేమిటంటే, కణత దగ్గరి ఈ గడ్డను సకాలంలో తీస్తే మనిషి పూర్తిగా కోలుకునే అవకాశం చాలా ఎక్కువ. చాలాసార్లు మెదడుకు పెద్ద గాయమేమీ ఉండదు, పైనుంచి నొక్కుడు మాత్రమే.

మరి ముసలివాళ్ళ సంగతి? వయసుతో మెదడు కొంచెం కుంచించుకుపోతుంది. అంటే వాళ్ళ బస్సులో ఖాళీ సీట్లున్నాయి. మెదడుకూ పైపొరకూ మధ్య వంతెనల్లా ఉన్న సన్నని సిరలు ఆ ఖాళీ వల్ల బిగుసుకుని ఉంటాయి, చిన్న కుదుపుకే తెగుతాయి. రక్తం మెల్లగా ఊరుతుంది, స్టాపుకొకడు ఎక్కినట్టు. ఖాళీ ఉంది కాబట్టి వారాలపాటు తెలియదు. తర్వాత నడక తడబడుతుంది, మాట మందగిస్తుంది, పేర్లు మరచిపోతారు. "వయసు మీద పడింది" అంటారు కొందరు, "గాలి సోకింది" అని తాయెత్తు కట్టించేవాళ్ళూ ఉన్నారు. పుర్రెకు చిన్న రంధ్రం వేసి ఆ పాత రక్తాన్ని బయటికి తీస్తే, మతి పోయిందనుకున్న పెద్దాయన మళ్ళీ మనవళ్ళను పేరుపెట్టి పిలవడం చాలామంది న్యూరోసర్జన్లు చూసిందే. ఆదోని పాఠకుడికి నేను చెప్పేది కూడా ఇదే. మొదటి స్కాన్ శుభ్రంగా ఉన్నా, రాబోయే ఒకటి రెండు నెలల్లో నాయన మాటలోగానీ నడకలోగానీ తేడా వస్తే మళ్ళీ తీసుకెళ్ళండి. మాత్రలు మాత్రం డాక్టర్‌ను అడగకుండా ఆపొద్దు, స్టెంట్ మూసుకుపోతే అది ఇంకో గండం.

పసిపిల్లల బస్సుకు బాడీ ఇంకా బిగించలేదు. మాడు మెత్తగా ఉంటుంది, ఎముకల అతుకులు సాగుతాయి. కాబట్టి ఒత్తిడి లక్షణాలు ఆలస్యంగా బయటపడొచ్చు. బొప్పి బయటికొస్తే మంచిదన్న నమ్మకం ఇక్కడే పూర్తిగా తలకిందులు. రెండేళ్ళలోపు పిల్లలకు నుదుటి మీద కాకుండా తల పక్కన, వెనక బొప్పి కడితే కింద ఎముక చిట్లి ఉండొచ్చని డాక్టర్లు అనుమానిస్తారు.

నమ్మకాల మాటొచ్చింది కాబట్టి ఇంకోటి. ఇద్దరు పిల్లల తలలు ఢీకొంటే కొమ్ములొస్తాయని, రెండోసారి కూడా కొట్టుకోవాలని మనందరం విన్నాం. ఆటగా బాగుంటుంది. కానీ నిజంగా గట్టి దెబ్బ తిన్న మెదడు తేరుకోకముందే రెండో దెబ్బ తగలడం అన్నిటికంటే చెడ్డది. తలకు దెబ్బ తగిలినవాళ్ళను బడి ఆటల్లోకి అదే రోజు తిరిగి పంపకూడదని పీఈటీ మాస్టర్లకు గట్టిగా చెప్పాలి. నిద్రపోనివ్వకూడదన్నది ఇంకో మాట. నిద్ర హాని చేయదు. లేపితే లేవకపోవడమే ప్రమాదం. డాక్టర్ చూసి ఇంటికి పంపితే పడుకోనివ్వండి, చెప్పిన వ్యవధికి లేపి పేరు, ఊరు అడగండి. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టడం మానేసి పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

ఎప్పుడు వెళ్ళాలి? క్షణమైనా స్పృహ తప్పితే, జరిగింది గుర్తులేకపోతే, ఒకటికి రెండుసార్లు వాంతి అయితే, తలనొప్పి పెరుగుతూ పోతే, మాట ముద్దయితే, ఒకవైపు చేయీ కాలూ బలం తగ్గితే, ఫిట్స్ వస్తే. చెవిలోంచో ముక్కులోంచో నీళ్ళలాంటిది కారినా, కళ్ళ చుట్టూ నల్లబడినా పుర్రె అడుగు చిట్లిందని అనుమానించాలి. 65 దాటినవాళ్ళకు, రక్తం పల్చబడే మాత్రలవాళ్ళకు, తాగి పడ్డవాళ్ళకు ఈ లక్షణాల కోసం కాచుకోవద్దు. తలకు దెబ్బ తగిలినవాళ్ళలో ఎవరికి స్కాన్ తీయాలో చెబుతూ కెనడా డాక్టర్లు 2001లో ప్రకటించిన నియమాల్లో మూడడుగుల ఎత్తు లేదా అయిదు మెట్ల మీద నుంచి పడటం కూడా ప్రమాదకరమైన దెబ్బే. మన వేసవి రాత్రుల్లో పిట్టగోడ లేని మిద్దె మీద పడుకుని, నిద్రమత్తులో లేచి కింద పడేవాళ్ళ ఎత్తు దానికి మూడు రెట్లు. చింతచెట్టు లెక్క వేరే చెప్పాలా?

సీటీలో కొత్త రక్తం తెల్లగా మెరుస్తుంది, చూడటానికి నిమిషాలు చాలు. 1971 అక్టోబరులో లండన్‌లో సీటీ స్కానర్‌ను తయారుచేసిన ఇంజనీరు హౌన్స్‌ఫీల్డ్ యంత్రం మొదటి రోగి తలను చూసేదాకా గడ్డ ఎక్కడుందో నేరుగా కనబడేది కాదు. అనుమానం బలంగా ఉంటే పుర్రెకు రంధ్రాలు వేసి వెతికేవాళ్ళు.

108కి ఫోన్ చేశాక మెడ ఊగకుండా పడుకోబెట్టండి. నొప్పి తగ్గుతుందని ఊళ్ళో నిద్ర ఇంజెక్షన్ వేయించకండి. మత్తు ఇంజెక్షన్‌దో గడ్డదో డాక్టర్ తేల్చుకోలేరు. ఎన్ని గంటలకు పడ్డారో కాగితం మీద రాసుకోండి. వాడే మాత్రల పేర్లు నోటికి రాకపోతే ఖాళీ స్ట్రిప్పులైనా సంచిలో వేసుకుని వెళ్ళండి.