ఒడ్డుకు కొట్టుకొచ్చిన పసుపు గొట్టం: అపోహలు - వాస్తవాలు

గుంటూరులో సముద్ర జీవశాస్త్రం బోధిస్తూ నెలకొకసారి నిజాంపట్నం రేవుకు వెళ్లివచ్చే నాకు, తుఫాను వెలిసిన ప్రతిసారీ ఒకే రకం వీడియో అందుతుంది: ఇసుకలో పసుపు గొట్టం, చుట్టూ జనం, కింద "విదేశీ గూఢచారి యంత్రం" అన్న రాత.

అపోహ: అది బాంబు, కాకుంటే మన సముద్రంపై నిఘా వేసే విదేశీ పరికరం.

నేను స్వయంగా చూసినవన్నీ ఆర్గో ఫ్లోట్లే, అంటే సముద్రాన్ని కొలిచే తేలియాడే పరికరాలే. ఫ్లోట్ వెయ్యి మీటర్ల లోతున కొట్టుకుపోతూ, పది రోజులకొకసారి 2,000 మీటర్ల వరకు దిగి, పైకి వస్తూ నీటి ఉష్ణోగ్రతను, ఉప్పదనాన్ని కొలిచి ఉపగ్రహానికి పంపుతుంది. సుమారు 30 దేశాలు కలిసి నడిపే ఈ కార్యక్రమంలో దాదాపు 4,000 ఫ్లోట్లు తిరుగుతున్నాయి. మన దేశం తరఫున హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం (ఇన్‌కాయిస్) ఆ పని చూస్తుంది. కొలతలు ఒక్క రోజులోనే ఎవరైనా ఉచితంగా చూసుకునేలా బయటికి వస్తాయి. తెచ్చిన రహస్యాన్ని మర్నాడే ఊరంతా దండోరా వేయించే గూఢచారి ఎక్కడైనా ఉంటాడా?

ఈ వదంతి వల్ల నష్టపోయేది మనమే. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీరు బంగాళాఖాతం మీద తేలికపాటి పొరగా పరుచుకోవడం వల్ల అడుగునున్న చల్లని నీరు పైకి కలవడం కష్టమవుతుంది. దాంతో తుఫానుకు కావలసిన వేడి పైనే నిలిచిపోతుంది, నీటిలో తేలే సూక్ష్మమైన నాచుజీవులకు అందవలసిన పోషకాలు కిందే ఉండిపోతాయి. సముద్రం వేడెక్కేకొద్దీ ఈ పొరల ఎడబాటు పెరుగుతుంది, ఆ నాచుజీవులనే నమ్ముకున్న కవళ్ల వంటి చేపల మేత తగ్గుతుంది. ఉపగ్రహం చూడగలిగేది నీటి పైచర్మాన్నే కనుక, లోపలి సంగతి ఫ్లోట్లే చెప్పాలి. పైగా ఏ దేశం వదిలినది ఎవరి తీరం వైపు పోతుందో ప్రవాహానికే ఎరుక.

ఒకసారి వలలో పడిన ఫ్లోట్‌ను ఒక కుర్రాడు సరుగుడు తోటలో టార్పాలిన్ కింద మూడు రోజులు దాచి, నన్ను చూడగానే "సారూ, నేను తేలేదు, అదే వలలో పడింది, కేసు పెడతారా?" అని వణుకుతూ అడిగాడు. యాంటెనా వంగింది, మూత పక్కన గొడ్డలి గాటు ఉంది. గాటుకు జానెడు దూరంలోనే, ఇది ప్రమాదకరం కాదని ఇంగ్లీషులో రాసిన చీటీ అంటించి ఉంది. చదివి చెప్పాక అతడు చాలాసేపు మాట్లాడలేదు. ఆ చీటీ తెలుగులో ఎందుకు లేదన్న కోపం నాకు ఇప్పటికీ ఉంది.

అపోహ: సముద్రం ఆమ్లమైపోయింది. కాలేదు. పైనీటి పీహెచ్ సుమారు 8.2 నుంచి 8.1కి తగ్గింది, ఇంకా క్షారమే; అయినా గుల్ల కట్టుకునే జీవులకు ఆ తగ్గుదల చిన్నది కాదు.

అపోహ: దేశాల సహకారమంటే సదస్సులు, విందులే. 1960లలో పలు దేశాలు కలిసి జరిపిన అంతర్జాతీయ హిందూ మహాసముద్ర పరిశోధన యాత్ర ఫలితంగానే, ఇప్పుడు గోవా కేంద్రంగా ఉన్న జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ 1966లో ఏర్పడింది.

అపోహ: దొరికిన ఫ్లోట్‌ను విప్పితే విలువైన సామాను ఉంటుంది. లోపల లిథియం బ్యాటరీ ఉండవచ్చు, గొడ్డలి పెడితే అంటుకునే ప్రమాదం ఉంది. చీటీ ఫొటో తీసి మెరైన్ పోలీసులకు చెప్పండి.