ఆటల్లో పడినోడు డాక్టరు కాలేడా? అపోహలు - వాస్తవాలు

కర్నూల్లో పిల్లల డాక్టరుని. జూన్ వచ్చిందంటే నా ఓపీలో జ్వరాలతో పాటు ఒక ప్రశ్న కూడా క్యూలో ఉంటుంది: "సార్, పిల్లోడు ఈసారి టెన్త్. ఆట మాన్పిచ్చమంటారా?" నిజానికి అప్పటికే మాన్పించి ఉంటారు. నాతో ఔననిపించుకోవడానికి వస్తారు, అంతే.

అపోహ: ఆటల్లో పడితే మెడిసిన్ రాదు.

అమెరికాలో పేరుమోసిన పిల్లల డాక్టరు బెంజమిన్ స్పాక్, యేల్ యూనివర్సిటీలో చదువుతూ రోయింగ్ (తెడ్లతో పడవ పందెం) చేసేవాడు. ఎనిమిది మంది తెడ్లేసే పడవలో ఒకడిగా 1924 పారిస్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచాడు. 1929లో కొలంబియా యూనివర్సిటీ నుంచి క్లాస్ ఫస్టుగా డాక్టరై బయటికొచ్చాడు. 1946లో పిల్లల పెంపకం మీద ఆయన రాసిన పుస్తకం కోట్ల కాపీలు అమ్ముడైంది. అయితే అక్కడ డిగ్రీ అయ్యాకే మెడిసిన్. మన పిల్లలకు ఇంటర్‌తోనే నీట్ టెన్షన్. అందుకే రోజంతా గ్రౌండులో ఉండమని నేనూ అనను. సాయంత్రం ఒక గంట వదలండి చాలు.

అపోహ: రోయింగ్ అంతా చేతుల బలమే.

తుంగభద్రలో బుట్ట పడవ నడిపేవాళ్లను చూసి మనకు అలా అనిపిస్తుంది. పోటీ పడవలో సీటు చక్రాల మీద ముందుకీ వెనక్కీ జరుగుతుంది. మోకాళ్లు రొమ్ముదాకా ముడుచుకుని, కాళ్లతో ఒక్క తన్ను తన్నాలి. నడుము, చేతులు ఆ తర్వాతే.

అపోహ: అంత శ్రమపడితే గుండె దెబ్బతింటుంది.

ఇది పాత భయమే. 1867లో స్కే అనే ఇంగ్లిషు సర్జన్, ఆక్స్‌ఫర్డ్-కేంబ్రిడ్జ్ పడవ పందెం కుర్రాళ్ల ఆరోగ్యాన్ని పాడు చేస్తోందని పేపరుకెక్కాడు. మోర్గాన్ అనే డాక్టరు ఊరుకోలేదు. ఆయనా ఆక్స్‌ఫర్డ్‌లో తెడ్డేసినవాడే. 1829 నుంచి 1869 దాకా ఆ పందెంలో దిగిన 294 మంది సంగతులు ఆరా తీసి 1873లో లెక్క తేల్చాడు: వాళ్లు మామూలు అంచనా కంటే రెండేళ్లు ఎక్కువే బతికారు. అందరూ కలిగినింటి బిడ్డలు కాబట్టి ఆ రెండేళ్లూ తెడ్డు పుణ్యమే అనలేం. ఆయుష్షు తగ్గలేదన్నది మాత్రం ఖాయం.

మొన్నామధ్య ఒకమ్మ కొడుకును తీసుకొచ్చింది. పద్నాలుగేళ్లు, రోజూ ఈత కొడతాడు. "నాడి నెమ్మదిగా కొడతాందంట సార్, నీళ్లలోకి దిగొద్దన్నారు." పట్టి చూస్తే 52. ఈసీజీలో ఇంకే తేడా లేదు. మా క్లినిక్ మెట్లు గబగబా మూడుసార్లు ఎక్కి దిగమన్నాను. 118కి వెళ్లింది, కాసేపటికి మళ్లీ దిగొచ్చింది. వాడు ఆయాసపడనే లేదు, వాళ్లమ్మే ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఏళ్ల తరబడి సాధన చేసిన గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం పంపుతుంది, కాబట్టి తక్కువసార్లు కొట్టుకున్నా సరిపోతుంది. రోయింగ్ చేసేవాళ్లలో గుండె గదులు కాస్త పెద్దవై, గోడలు మందమవుతాయి కూడా. అది జబ్బు కాదు.

కానీ ఆడుతూ ఆడుతూ కళ్లు తిరిగి పడిపోయినా, ఛాతీ నొప్పి వచ్చినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయి ఉన్నా ముందు పరీక్షలు, తర్వాతే ఆట.

అపోహ: అంత గొప్ప డాక్టరు చెప్పాడంటే తిరుగుండదు.

స్పాక్ పసిబిడ్డలను బోర్లా పడుకోబెట్టమని ఏళ్లపాటు రాశాడు. అలా పడుకోబెడితే నిద్రలోనే బిడ్డ ప్రాణం పోయే ముప్పు ఎక్కువని తర్వాతి పరిశోధనల్లో తేలింది. ఏడాది నిండేదాకా బిడ్డను వెల్లకిలానే పడుకోబెట్టండి.